"బానే ఉన్నాన్రా" - కరోనా కాలంలో నాకు తెలిసిన ఇద్దరు పోలీసులు

[ఈ వారం ఎపిసోడ్ రాతప్రతి ఇది. డ్యూటీలో ఉండి వినడం కుదరనివాళ్ళ కోసం పెడుతున్నాం. మాట్లాడిన మాటల్ని పెద్దగా దిద్దలేదు. ఇందులో ఆత్మహత్యల ప్రస్తావన వస్తుంది. మనసు బాగాలేని రోజైతే తర్వాత చదవండి. ఫోన్ నంబర్లు చివర్లో ఉన్నాయి.]

కువైట్‌లో తెల్లారుజామున డ్యూటీ బస్సెక్కినవాళ్ళు, దుబాయ్ క్యాంపులో మంచం మీద ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ళు, ఇక్కడ అమెరికాలో నాలాగా రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్ళు, అందరూ బాగున్నారనుకుంటున్నాను.

ఈ వారం పోలీసుల గురించి మాట్లాడదామని కూర్చున్నాను. "పోలీసుల బాధ మనకెందుకు, మన బాధలు తక్కువా?" అంటారేమో. నిజమే. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి పోలీసంటే అకామా చూపించమనే మనిషి. అమెరికాలో ఉన్నవాళ్ళకి కారు వెనకాల వెలిగే ఎర్ర నీలం లైట్లు. చూడగానే గుండె దడదడలాడుద్ది. నాకు మాత్రం పోలీసంటే ముందు మా నాన్న గుర్తొస్తాడు. పల్నాడు వైపు ఒక చిన్న పట్టణంలో హెడ్ కానిస్టేబుల్‌గా చేశాడు. ముప్పై ఏళ్ళకి పైగా సర్వీసు. ఆ ముప్పై ఏళ్ళలో ఆయన నోటి నుంచి నేను ఎక్కువ సార్లు విన్న మాట ఒకటే: "బానే ఉన్నాన్రా."

ఈ ఒక్క మాట గురించే ఇవాళ్టి ఎపిసోడ్.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పెళ్ళయ్యాక మా ఆవిడ తరఫున గ్రీన్‌కార్డు వస్తే 2018లో న్యూజెర్సీ వచ్చాను. బీకాం చదివాను. ఇక్కడ దొరికింది గ్యాస్ స్టేషన్‌లో రాత్రి పని. న్యూజెర్సీలో ఒక చట్టం ఉంది, బండివాళ్ళు తమ పెట్రోలు తామే కొట్టుకోకూడదు, పంపు దగ్గర మనిషే కొట్టాలి. అమెరికాలో రాష్ట్రమంతటా ఈ రూలు మిగిలింది ఇక్కడే. మనలాంటివాళ్ళకి ఇక్కడ ఇన్ని ఉద్యోగాలు దొరకడానికి అదొక కారణం. 2020 మార్చి 21న అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ అందర్నీ ఇంట్లో ఉండమని ఆర్డరిచ్చాడు. గ్యాస్ స్టేషన్లు మాత్రం తెరిచే ఉండాలన్నారు. దాంతో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నేనూ, ఖాళీ రోడ్డూ.

ఆ రోడ్డు మీద నాకు కనపడే మనుషులు మూడు రకాలు. అంబులెన్సువాళ్ళు, లారీ డ్రైవర్లు, పోలీసులు. ఆ పోలీసుల్లో ఒకాయన కరోనాకి ముందు నుంచీ రోజూ రెండింటికి కాఫీకి వచ్చేవాడు. నలభై దాటిన మనిషి, చిన్న కూతురుంది. పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను. ఆఫీసర్ అందాం. వద్దన్నా డబ్బులిచ్చేవాడు. "ఎలా ఉన్నావ్ ఆఫీసర్?" అంటే "గుడ్, గుడ్" అనేవాడు. అమెరికావాళ్ళ "గుడ్" మన "బానే ఉన్నా" లాంటిదే అండీ. అందులో సమాచారం ఏమీ ఉండదు.

ఆ వసంతకాలం ఇక్కడి పోలీసులకి ఎలా గడిచిందో కొంచెం చెప్పాలి. అమెరికాలో పోలీసు అంటే మన దగ్గరలాగా ఒక రాష్ట్రానికి ఒక డీజీపీ కింద ఉండే శాఖ కాదు. దేశంలో దాదాపు 18 వేల పోలీసు శాఖలున్నాయి. పది పన్నెండు మందితో నడిచే ఊరి పోలీసు నుంచి, అప్పటికి దాదాపు 36 వేల మంది యూనిఫామ్‌వాళ్ళున్న న్యూయార్క్ నగర పోలీసు దాకా. మాకు నది అవతలే న్యూయార్క్. 2020 మార్చి 28న అక్కడ హార్లెంలోని 32వ ప్రీసింక్ట్ డిటెక్టివ్ సెడ్రిక్ డిక్సన్ కరోనాతో చనిపోయాడు. వయసు 48. యూనిఫామ్‌లో ఉన్నవాళ్ళలో ఆ నగరంలో మొదటి మరణం అది. ఏప్రిల్ రెండో వారానికి అక్కడ దాదాపు ప్రతి ఐదుగురు పోలీసుల్లో ఒకరు సిక్ లీవులో ఉన్నారు. డెట్రాయిట్‌లో అయితే పోలీస్ చీఫ్ జేమ్స్ క్రెయిగ్‌కే వైరస్ సోకింది, వందలమంది క్వారంటైన్‌కి వెళ్ళారు. మిగిలినవాళ్ళు వాళ్ళ డ్యూటీ కూడా చేశారు. మనకి తెలిసిన లెక్కే కదా. ఒక షిఫ్టులో ఇద్దరు రాకపోతే ఆ పని ఎవరి నెత్తిన పడుద్దో మీకు చెప్పక్కర్లేదు.

ఏప్రిల్‌లో ఒక రాత్రి ఆఫీసర్ వచ్చాడు. కాఫీ మిషన్ దగ్గర సెల్ఫ్ సర్వీస్ ఆపేశాం, నేనే పోసి కౌంటర్ మీద పెడుతున్నాను. ఆయన తీసుకోలేదు. అట్లా చూస్తూ నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను ఎప్పటిలా "ఎలా ఉన్నావ్" అనబోయి, ఎందుకో ఇంకోటి అడిగాను.

"నిన్న నిద్రపోయావా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "లేదు" అన్నాడు. ఆ రోజు ఒక ఇంట్లో పెద్దాయన చనిపోయాడట. ఇంట్లో ఎవరైనా పోతే ఇక్కడ చాలాసార్లు పోలీసులు వెళ్ళాలి. మెడికల్ ఎగ్జామినర్ దగ్గర్నుంచి కబురో మనిషో వచ్చేదాకా, శవాన్ని తీసుకెళ్ళేదాకా అక్కడే ఉండాలి. ఆ ఏప్రిల్‌లో ఇళ్ళల్లో చావులు మామూలు కంటే బాగా పెరిగాయి. ఫ్యూనరల్ హోములు నిండిపోయాయి. ఈయన మూడు గంటలు ఆ ఇంటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చనిపోయినాయన భార్య లోపల్నుంచి "లోపలికొచ్చి కూర్చో బాబూ" అంటుందట. వైరస్ భయానికి లోపలికి పోలేడు. ఆమె ఏడుస్తుంటే దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వెయ్యలేడు. "ఇరవై ఏళ్ళ సర్వీసులో శవాలు చూశాను, కానీ ఒక మనిషి ఏడుస్తుంటే ఆరడుగుల దూరం కొలుచుకుని నిలబడటం ఇదే మొదటిసారి" అన్నాడు.

ఇంటికెళ్ళి బేస్‌మెంట్‌లో పడుకుంటున్నాడట, కూతురికి అంటుద్దేమోనని. పాప మెట్ల పైన కూర్చుని, తలుపు సందులోంచి బొమ్మలు గీసిన కాగితాలు కిందకి తోస్తుందట.

అది విన్న వెంటనే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. అప్పుడు ఇండియాలో కూడా లాక్‌డౌన్. మా గుంటూరు జిల్లా అప్పటికి రెడ్‌జోన్. నాన్న చెక్‌పోస్టు డ్యూటీ చేసి వచ్చి, దొడ్లో బట్టలు తీసి బకెట్టులో వేసి, అక్కడే స్నానం చేసి, వరండాలో నవారు మంచం మీద పడుకునేవాడు. అమ్మ కంచం గడప మీద పెట్టి వెనక్కి జరిగేది. ఈ సంగతులు నాకు అమ్మ చెప్పింది. నాన్నకి ఫోన్ చేస్తే? "బానే ఉన్నాన్రా. నువ్వు జాగ్రత్త. మాస్కు పెట్టుకో." అంతే, ఫోను అమ్మకిచ్చేసేవాడు. మార్చి 22 నుంచి ఇండియాకి విమానాలు ఆగిపోయాయి. వెళ్దామన్నా వెళ్ళలేను. మీలో చాలామందికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి.

వీళ్ళెందుకు చెప్పరు? ఆ రాత్రి ఆఫీసర్‌ని అడిగాను, మీకు డాక్టర్లుంటారు కదా, చెప్పుకోవచ్చు కదా అని. నవ్వాడు. "చెప్తే నా గన్ తీసుకుంటారు" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత చదివితే తెలిసింది. ఇక్కడి పోలీసు తనకి మనసు బాగాలేదని పై అధికారికి చెప్తే, ఆయుధమూ బ్యాడ్జీ తీసుకుని డెస్కు పనికి పంపుతారన్న భయం ఉంది. గన్ లేని పోలీసుని తోటివాళ్ళే వేళాకోళం చేస్తారు. ఓవర్‌టైమ్ పోతుంది, ప్రమోషన్ పోతుంది. ఈ భయం కరోనాతో వచ్చింది కాదు. 2019లో ఒక్క న్యూయార్క్ నగర పోలీసులోనే 10 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అప్పటి కమిషనర్ జేమ్స్ ఓనీల్ ఇది మానసిక ఆరోగ్య సంక్షోభం అని బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. అంటే ఆ డిపార్ట్‌మెంట్ తన మనుషుల్ని పోగొట్టుకున్న బాధలో ఉండగానే కరోనా వచ్చి మీద పడింది.

ఇప్పుడు మన గురించి ఆలోచించండి. మనం ఎందుకు చెప్పం? "మేస్త్రీకి తెలిస్తే పని తీసేస్తాడు." "కంపెనీకి తెలిస్తే వీసా రెన్యూ చెయ్యదు." "ఇంట్లో తెలిస్తే అమ్మ బెంగపెట్టుకుంటుంది." వాళ్ళకి గన్, మనకి వీసా. బాధ ఉందని తెలియక కాదండీ నోరు మూసుకునేది. చెప్తే ఏం పోతుందో లెక్క వేసుకుని మూసుకుంటాం. అందుకే ఊరికే "మనసు విప్పి మాట్లాడండి" అని బోర్డులు పెడితే ఎవరూ మాట్లాడరు. మాట్లాడితే ఉద్యోగం పోదన్న నమ్మకం ముందు కావాలి.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ని ఒక పోలీసు మెడ మీద మోకాలు పెట్టి చంపాడు. దేశమంతా రోడ్ల మీదకొచ్చింది. నాతో పనిచేసే నల్లజాతి అన్న ఒకాయన, "నువ్వు వాళ్ళకి కాఫీ పోస్తూ జాలిపడుతున్నావ్, నన్ను ఆపినప్పుడు వాళ్ళకి జాలి ఉంటుందా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మరుసటి నెలలోనే తమిళనాడు సాత్తాన్‌కుళంలో, లాక్‌డౌన్ టైము దాటాక షాపు తెరిచి ఉంచారన్న ఆరోపణతో తీసుకెళ్ళిన తండ్రీ కొడుకులు పోలీసు దెబ్బలకి చనిపోయారు. ఇవి అలసట వల్ల జరిగాయని నేననను. అలా అంటే చనిపోయినవాళ్ళకి అన్యాయం చేసినట్టే.

కానీ మా నాన్న విషయం ఒకటుంది. దాన్ని బట్టి నాకు కొంచెం అర్థమైంది.

2021 ఆఖర్లో నాన్న రిటైరయ్యాడు. 2022 వేసవిలో నేను ఇంటికి వెళ్ళాను. మనిషి సగమయ్యాడు. రాత్రుళ్ళు లేచి వరండాలో కూర్చునేవాడు. ఒక రాత్రి మేడ మీద పక్కపక్కన పడుకున్నాం. నేను ఆఫీసర్ గురించి చెప్పాను, బేస్‌మెంట్ గురించి, పాప కాగితాల గురించి. నాన్న చాలాసేపు విని, "ఒక కుర్రాణ్ణి కొట్టాన్రా" అన్నాడు.

లాక్‌డౌన్ మొదటి నెల. వరసగా పదకొండో రోజు డ్యూటీ. వీక్లీ ఆఫ్ మాటే లేదు. ఎండ. ఉదయం నుంచి తిండి లేదు. ఆ వారమే ఆయనతో పనిచేసే కానిస్టేబుల్ని అంబులెన్సులో తీసుకెళ్ళారు. మధ్యాహ్నం ఒక కుర్రాడు బండి మీద వచ్చాడు. ఆపితే ఆగకుండా పక్కనుంచి పోబోయాడు. నాన్న లాఠీతో రెండు వేశాడు, చేతి మీద. కుర్రాడు కిందపడి, జేబులోంచి చీటీ తీసి చూపించాడు. వాళ్ళమ్మకి ఇన్సులిన్.

"ఆ చీటీ వంక చూసి కూడా, తప్పైందని ఒక్క మాట అనలేదురా. పో అన్నాను. అంతే." ఇది చెప్పడానికి ఆయనకి రెండేళ్ళు పట్టింది.

నేను ఆయన్ని సమర్థించను. తిండి లేదు, నిద్ర లేదు, భయం, ఇవి ఆ దెబ్బకి కారణాలు. కారణం వేరు, మాఫీ వేరు. మాఫీ చెయ్యాల్సింది నేను కాదు, ఆ కుర్రాడు. కానీ నాకు అర్థమైంది ఏంటంటే, పోలీసు మనసు బాగుండటమనేది పోలీసు ఒక్కడి సొంత విషయం కాదు. పదకొండు రోజులు నిద్రలేని మనిషి చేతికి లాఠీ ఇచ్చి రోడ్డు మీద నిలబెడితే, ఆ దెబ్బ తగిలేది మందుల చీటీ పట్టుకుని వచ్చే పేదవాడికే.

సరే, మళ్ళీ న్యూజెర్సీకి వద్దాం. 2020 జూన్‌లో ఆఫీసర్ కాఫీకి రావడం మానేశాడు. అతని బదులు వేరే వాళ్ళు వచ్చేవారు. అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. అక్టోబర్‌లో ఒక రాత్రి వచ్చాడు. కొంచెం లావయ్యాడు, గడ్డం నీట్‌గా ఉంది. కాఫీ తీసుకుని, "నేను ఒక నంబర్‌కి ఫోన్ చేశాను" అన్నాడు.

ఆ నంబర్ సంగతి చెప్తాను, ఎందుకంటే మనం నేర్చుకోవాల్సింది అక్కడుంది. న్యూజెర్సీలో కాప్ టు కాప్ అని ఒక హెల్ప్‌లైన్ ఉంది. 2000వ సంవత్సరం నుంచి నడుస్తోంది. నడిపేది పోలీసు డిపార్ట్‌మెంట్ కాదు, రట్గర్స్ యూనివర్సిటీ మానసిక ఆరోగ్య విభాగం. ఫోన్ ఎత్తేవాళ్ళలో రిటైరైన పోలీసులుంటారు. చెప్పింది గోప్యంగా ఉంచుతారు. ఆఫీసర్ ఫోన్ చేస్తే ఎత్తిన పెద్దాయన ముందు ఏ స్టేషన్ అని అడగలేదట, బ్యాడ్జీ నంబర్ అడగలేదట. "రాత్రి షిఫ్టా? తిన్నావా?" అన్నాడట. అరగంట బేస్‌బాల్ గురించి మాట్లాడుకున్నారట. ఆ తర్వాతే ఆ ఇంటి గుమ్మం సంగతి బయటికొచ్చింది. అక్కడ్నుంచి కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళాడు, కొన్నాళ్ళు సెలవు పెట్టాడు, తిరిగి డ్యూటీలో చేరాడు.

న్యూయార్క్‌లో కూడా పాపా అని ఇలాంటిదే ఉంది. 1994, 95లలో అక్కడ ఆత్మహత్యలు ఎక్కువయ్యాక 1996లో మొదలైంది. డిపార్ట్‌మెంట్‌కి బయట ఉంటుంది, తోటి పోలీసులే వాలంటీర్లుగా మాట్లాడతారు. కరోనాకి కొన్ని నెలల ముందు, 2019 ఆగస్టులో న్యూజెర్సీ అప్పటి అటార్నీ జనరల్ గుర్బీర్ గ్రేవాల్ ఒక ఆదేశం ఇచ్చాడు. ఆయన మన దేశం నుంచి వలసొచ్చిన సిక్కు కుటుంబంలో పుట్టినవాడు. రాష్ట్రంలో ప్రతి పోలీసు శాఖలోనూ ఇలాంటి విషయాలు చెప్పుకోవడానికి ఒక అధికారిని పెట్టాలి, పోలీసులందరికీ ఒత్తిడి తట్టుకునే శిక్షణ ఇవ్వాలి అన్నాడు.

వీటన్నిటిలో కామన్‌గా ఉన్నవి మూడు. ఒకటి, వినేవాడికి ఆ పని తెలుసు. రెండు, వినేవాడు మన బాసు కాదు. మూడు, చెప్పింది బయటికి పోదు.

చట్టాలు కూడా కొంత మారాయి. 2020 ఆగస్టులో, కరోనాతో చనిపోయిన పోలీసుల మరణాన్ని డ్యూటీలో మరణంగా లెక్కవేసి కుటుంబానికి సాయం అందేలా ఫెడరల్ చట్టం చేశారు. 2021లో అమెరికాలో విధుల్లో చనిపోయిన 458 మంది పోలీసుల్లో 301 మంది కరోనాతోనే పోయారని నేషనల్ లా ఎన్‌ఫోర్స్‌మెంట్ మెమోరియల్ ఫండ్ ప్రాథమిక లెక్క. తుపాకీ గుళ్ళకి పోయినవాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. 2022 ఆగస్టులో ఇంకో చట్టం వచ్చింది. డ్యూటీలో ఎదురైన ఘోరం వల్ల మనసు దెబ్బతిన్న పోలీసుకీ, దానివల్ల ఆత్మహత్య చేసుకున్నవారి కుటుంబానికీ ప్రభుత్వ సాయం అడిగే హక్కు వచ్చింది. అంతకుముందు ఆ కుటుంబాలకి చాలాసార్లు దక్కింది మౌనమే.

మరి మనకి ఎవరున్నారు? మనకి యూనివర్సిటీ నడిపే హెల్ప్‌లైన్ లేదు, గదిలో పక్క మంచం అన్న ఉన్నాడు. వంట వంతు పంచుకునే తమ్ముడున్నాడు. వాళ్ళకి మన పని తెలుసు. వాళ్ళు మన బాసులు కాదు. కావాల్సింది మూడోది, విన్నది బయటికి చెప్పకపోవడం. అది మన చేతుల్లోనే ఉంది. ఒకడు రాత్రి ఏడిస్తే పొద్దున గ్రూపులో జోకు వెయ్యకండి. అంతే చాలు.

ఇంకోటి, "ఎలా ఉన్నావ్" అని అడక్కండి. దానికి జవాబు మనందరికీ కంఠతా వచ్చు. "నిన్న ఎన్ని గంటలు పడుకున్నావ్?" "మధ్యాహ్నం ఏం తిన్నావ్?" "ఇంటికి ఫోన్ చేసి ఎన్ని రోజులైంది?" ఇలాంటివి అడగండి. జవాబు చెప్పడానికి మనిషి ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగినప్పుడు మీరూ ఆగండి, పక్క మాటలోకి పోకండి. సలహా వెంటనే ఇవ్వకండి. "చచ్చిపోవాలనిపిస్తోంది" అని ఎవరైనా అంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి, వాళ్ళని ఒంటరిగా వదలకండి, ఫోన్ మీరే కలపండి.

అమెరికాలో అయితే 988. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, ఉచితం. ఫోన్లో ఇంగ్లీషు రాకపోతే భాష పేరు చెప్పి అనువాదకుణ్ణి అడగొచ్చు. ఇండియాలో ఉన్న ఇంట్లోవాళ్ళకి టెలి మానస్, 14416. తెలుగులో మాట్లాడతారు. గల్ఫ్‌లో ఉన్న అన్నలు ఈ నంబరు ముందు ఇంట్లోవాళ్ళకి పంపండి. మీరు "బానే ఉన్నా" అంటూ ఉంటే, అక్కడ వాళ్ళూ అదే అంటూ ఉండుంటారు.

నేను ఆ ఆఫీసర్‌ని కాపాడానని అనుకోవట్లేదు. ఫోన్ చేసింది ఆయన. నేను కాఫీ పోశాను, ఒక ప్రశ్న అడిగాను.

నాన్న సంగతి చెప్పి ముగిస్తాను. ఆ కుర్రాడు ఇప్పుడు మా ఊళ్ళోనే బైకు మెకానిక్. నాన్న తన టీవీఎస్ బండి కావాలని అతని దగ్గరే సర్వీసింగ్‌కి ఇస్తాడు. "అడిగావా నాన్నా?" అంటే "ఇంకా లేదురా, నోరు రావట్లేదు" అంటాడు. అతను గుర్తుపట్టాడో లేదో కూడా నాన్నకి తెలీదు. నేను తొందరపెట్టట్లేదు, కానీ ప్రతిసారీ అడుగుతున్నాను.

పోయిన ఆదివారం ఫోన్ చేశాను. ఎప్పటిలా "బానే..." అని మొదలుపెట్టి ఆగాడు. "లేదురా, రాత్రి నిద్ర పట్టలేదు" అన్నాడు. పంపు దగ్గర ఒక కారు వచ్చి నిలబడింది, హారన్ కొడుతున్నాడు. "ఒక్క నిమిషం నాన్నా, పెట్టెయ్యకు" అన్నాను. పెట్రోలు కొట్టి వచ్చాను. నాన్న లైన్లోనే ఉన్నాడు.

ఉంటానండీ. వచ్చే వారం కలుద్దాం. ఈ రాత్రి ఎవరో ఒకరిని నిద్రపోయారా అని అడగండి.